చేతిపని నేర్పుటలో బొమ్మ యెంతవరకు తోడ్పడును?

వ్యవసాయ శిక్షణ యనగానే నేడు గోడకు వ్రేలాడు పటములును, టీవీ తెరయు, సెల్‌ఫోనులోని వీడియోలును మనకు స్ఫురించుచున్నవి. మన ఐరాల చుట్టుపట్ల గ్రామములలో మామిడి అంటుకట్టు విధమును ఫోనులో నొకమారైనను చూడని యువకుడు అరుదు. అయినను కత్తి చేతికిచ్చి మొక్కను ముందుంచినప్పుడు, ఆ చూచినది చేతికి వచ్చుచున్నదా యనునది వేరు ప్రశ్న. మంచి బొమ్మలున్న చాలునని కొందరును, బొమ్మలన్నియు కాలక్షేపమే, పని పనివలననే వచ్చునని మరికొందరును వాదించుచుందురు. ఈ రెండు మాటలలోను సగము సగము సత్యము కలదు. ఏ సగ మెచ్చట నిజమో తెలిసికొనిననేగాని సంఘము శిక్షణకై వెచ్చించు ధనమును, సభ్యులు వెచ్చించు దినములును సార్థకము కానేరవు. కావున ఈ విషయమును కొంత వివరముగా చదువరులకు మనవి చేయుచున్నాము.

ఇప్పుడే ఈ ప్రశ్న యేల?

మన చిత్తూరు జిల్లా తోటలలో తోతాపురి జాతి హెచ్చు. గుజ్జు తీయు ఫ్యాక్టరీలే దానికి ముఖ్యమైన కొనుగోలుదారులు. 2025వ సంవత్సరమున పంట విస్తారముగా వచ్చి ధర పడిపోగా, రాష్ట్ర ప్రభుత్వము తాను కిలోకు 4 రూపాయలు సహాయ మిచ్చి, రైతునకు మొత్తము 12 రూపాయలు ముట్టునట్లు నిర్ణయింపవలసి వచ్చినది. నాటినుండి, చెట్టు కొట్టివేయకయే జాతి మార్చుకొను నుపాయము కలదా యని మమ్ము అడుగువారు పెరిగినారు. ఉపాయము కలదు. ముదురు చెట్టు కొమ్మలను కోసి, ఆ మొద్దులనుండి వచ్చిన క్రొత్త చిగుళ్ళపై కోరిన జాతి పుల్లలను అంటుకట్టవచ్చును.

కాని యీ పని నారుమడిలో మొక్క చెడినట్టిది కాదు. నారుమడిలో నొక అంటు పట్టకపోయిన పోవునది యొక టెంకయు నొక దినపు శ్రమయు మాత్రమే. కాయుచున్న చెట్టు తల తీసివేసిన పిమ్మట అంటు పట్టకపోయినచో పాతకాపు పోవును, క్రొత్తకాపు రాదు, కొన్ని యేండ్ల రాబడి గాలిలో కలియును. జాతి మార్చుట మంచిదా కాదా యనునది రైతు తన నేలను, నీటిని, విపణిని చూచుకొని నిర్ణయించుకొనవలసిన విషయము. మార్చదలచినవాని చేతికి ముందుగా పని వచ్చియుండవలెననుటయే మా మాట. వీడియో చూచినంతనే రంపము పట్టుట మాత్రము తగదు.

కన్ను నేర్చునది, చేయి నేర్చునది

బొమ్మ బలమును, బలహీనతను తెలిసికొనుటకు టెంక అంటునే యుదాహరణముగా తీసికొందము. మామిడి టెంకను నాటగా మొలిచిన మొక్కకు 10 లేక 15 దినముల వయస్సు వచ్చి, ఆకులింకను రాగిరంగున నుండగనే, టెంకకు 5 మొదలు 8 సెంటీమీటర్ల పైన దాని తల కోసివేయుదురు. మిగిలిన కాండమును నడిమికి 3 లేక 4 సెంటీమీటర్ల లోతున నిలువుగా చీల్చుదురు. పై పుల్లను మూడు నాలుగు నెలల వయస్సుగల కొమ్మనుండి తీసికొందురు. దానిని కోయుటకు వారము పదిదినములు ముందే ఆకులను కత్తిరించి తొడిమలను మాత్రము నిలిపినచో కొనమొగ్గ ఉబ్బి సిద్ధముగా నుండును. ఆ పుల్ల అడుగును రెండువైపుల చెక్కి, గొడ్డలి వాదరవలె చేసి, చీలికలోనికి దించి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి, తేమ ఆరకుండ సన్నని తొడుగు తొడుగుదురు. రెండు మూడు వారములలో చిగురు కనబడును. జూలై, ఆగస్టు నెలలు ఈ పనికి అనుకూలమైనవి.

ఈ పనిలో కొన్ని విషయములు కంటికి సంబంధించినవి: ఎంత వయస్సు మొక్క, ఏ రంగు ఆకు, ఎంత పొడవు కోత, ఏది ముందు, ఏది వెనుక. వీనిని నోటిమాటతో గంటసేపు చెప్పుటకంటె నాలుగు బొమ్మలతో నిమిషములో తెలుపవచ్చును. మరికొన్ని చేతికి మాత్రమే తెలియునవి: కత్తిని ఎంత ఒత్తిడితో లాగవలెను, మెత్తని కాండము ఎప్పుడు చితుకును, పట్టీని ఎంత బిగువుగా చుట్టవలెను. బిగువు బొమ్మలో కానరాదు. వదులుగా కట్టిన పట్టీయు, సరిగా కట్టిన పట్టీయు వీడియోలో నొకేరీతిగా నుండును. దానిని నేర్పువాని వ్రేళ్లక్రింద శిష్యుని వ్రేలుంచి చెప్పవలసినదే.

ఈ రెండింటికి నడుమ మూడవ తరగతి యొకటి కలదు. అది కంటికిని కానరాదు, చేతికిని తెలియదు. బొమ్మకు మాత్రమే సాధ్యము. బెరడునకును కొయ్యకును మధ్య పలుచని పచ్చనిపొర యుండును. క్రింది మొక్క పొరయు పై పుల్ల పొరయు ఒకదానినొకటి తాకిననేగాని అంటు పట్టదు. పై పుల్ల సన్ననిదైనప్పుడు అనేకులు దానిని చీలిక నడుమ అందముగా నిలుపుదురు. చూపునకు అది చక్కగా నుండును గాని, రెండు ప్రక్కలను పొరలు కలియక పుల్ల యెండిపోవును. అట్టిచో నొక ప్రక్కకు జరిపి, ఆ ప్రక్కనైనను పొరకు పొర చేర్చవలెను. పట్టీ చుట్టిన పిమ్మట ఈ తప్పు ఎవరికిని కనబడదు. అంటును అడ్డముగా కోసినట్లు పెద్దదిగా వ్రాసి, ఆ పొరను మాత్రము ఎఱ్ఱరంగుతో చూపిన పటమొక్కటియున్నచో ఈ సంగతి చదువురానివారికి సైతము అర్థమగును. బొమ్మ విలువ యెల్ల ఇట్టిచోటనే యున్నది.

పూర్వులు చెప్పినది, చెప్పనిది

బొమ్మతో బోధించుట క్రొత్త సంగతి కాదు. యూరపుఖండమున కొమీనియస్ అను విద్యావేత్త పిల్లలకై వ్రాసిన చిత్రపాఠ్యపుస్తకము 1658వ సంవత్సరమున న్యూరెంబర్గు నగరమున అచ్చయ్యెను. బొమ్మలోని ఒక్కొక్క వస్తువునకు నొక అంకె వేసి, అదే అంకెను పాఠములోని పేరునకు చేర్చుట అందలి విశేషము. నేటి మన పటములలో ఈ చిన్న యేర్పాటు కూడ కొఱవడి, బొమ్మయొకచోటను వివరణ మరియొకచోటను నుండుట చూచుచున్నాము.

రైతుశిక్షణకు వచ్చినచో, 1903వ సంవత్సరమున అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున టెరెల్ అను నూరియందు సీమన్ న్యాప్ అను పెద్ద, ప్రభుత్వ క్షేత్రమున గాక రైతు సొంత పొలముననే, రైతు చేతులతోనే క్రొత్త పద్ధతిని చేయించి చూపెను. వ్యవసాయ ప్రదర్శనము అను మా వృత్తికి ఆ పద్ధతి యొక మూలస్తంభము.

శిక్షణ సభలలో తరచుగా వినబడు మాట యొకటి కలదు. మనుష్యుడు చదివినదానిలో నూటికి పది, విన్నదానిలో ఇరువది, చూచినదానిలో ముప్పది, చేసినదానిలో తొంబది పాళ్లు జ్ఞాపకముంచుకొనునని చెప్పి, దానికి ఎడ్గార్ డేల్ అను అమెరికా పండితుని పేరు చేర్చుదురు. డేల్ 1946వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున అనుభవములను గోపురాకారమున పేర్చి చూపినమాట నిజమే గాని, అందు ఈ అంకెలేవియు లేవు. తరువాత నితరులు చేర్చినవి. కావున ఈ అంకెలనుబట్టి శిక్షణను నడుపుట తగదు. ఏ పనికి ఏ బొమ్మ, ఏ సమయమున అని విచారించుటయే సరియైన మార్గము.

పరీక్షలు తెలిపిన సంగతులు

ఇటీవలి పరిశోధనలలో మన పనికి వచ్చునవి మూడు కలవు. మొదటిది: 2007వ సంవత్సరమున హెఫ్లర్, లాయిట్నర్ అను జర్మను పరిశోధకులు, అంతకుముందు జరిగిన 26 పరిశోధనలను కలిపి పరిశీలించి, నిశ్చలచిత్రముకంటె కదలుబొమ్మ మేలని, అందును చేతితో చేయవలసిన పనుల విషయమున ఆ మేలు హెచ్చుగా నున్నదని తేల్చిరి. కత్తి కదలికను చూపుటకు గోడపటముకంటె వీడియో మేలనుట దీనివలన స్పష్టము.

రెండవది: 2017వ సంవత్సరమున ఫియోరెల్లాయు నితర పరిశోధకులును ప్రకటించిన ఫలితము. ముక్కలు కూర్చు పనిని నేర్పునప్పుడు, ఎదుటినుండి తీసిన వీడియోకంటె పనివాని కంటికే కనబడునట్లు తీసిన వీడియో చూచినవారు మెఱుగుగా చేసిరి. మేమును శిక్షణలలో దీనినే గమనించుచుందుము. నేర్పువాడు ఎదుట నిలిచినప్పుడు అతని కుడి శిష్యునకు ఎడమగా తోచి, కత్తి తిరుగు దిక్కు తారుమారగును. శిష్యులు అతని వెనుకనో, ప్రక్కనో నిలిచి భుజముమీదుగా చూచినచో ఈ చిక్కు లేదు.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. 2018వ సంవత్సరమున చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన మైకేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ అనువారు ఆరు ప్రయోగముల ఫలితములు ప్రకటించిరి. బల్లమీది పాత్రలు కదలకుండ క్రింది గుడ్డను లాగివేయు విద్యను కొందరు ఒకేమారును, కొందరు ఇరువదిమార్లును వీడియోలో చూచిరి. పలుమార్లు చూచినవారికి, తామును చేయగలమను నమ్మకము హెచ్చెను. బాణపుముక్కలను గుఱికి విసరుట మొదలగు పనులలో నిజముగా చేయించి చూడగా, చూచినంతమాత్రమున నేర్పు పెరుగలేదు. నమ్మకము మాత్రమే పెరిగినది. చూపువలన ఏ మెట్టు తరువాత ఏ మెట్టో తెలియును గాని, ఆ మెట్టు చేతికెట్లుండునో తెలియదని వారు నిర్ణయించిరి. మరియొక ప్రయోగమున, ఎగురవేయు కర్రలను చూచినవారి చేతికి వానిని ఒకమారు ఇచ్చి పట్టుకొనుమనగా, ఆ మితిమీరిన నమ్మకము తగ్గెను.

గట్టుమీద కూర్చుండి ఈత నేర్చినవానికి కలుగు ధైర్యము ఇట్టిదే. నీటిలో దిగునంతవరకు అతడు ఈతగాడే. వీడియో చూచి ముదురుచెట్టు తల తీయబూనువానికిని మనము చెప్పవలసినది ఇదియే.

తెలుగునేలపై జరిగిన ప్రయత్నములు

1975 ఆగస్టు మొదటి తేదీనుండి 1976 జూలై తుదివరకు, ఉపగ్రహము ద్వారా టీవీ పాఠములను పల్లెలకు పంపు ప్రయోగము మన దేశమున జరిగెను. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములు అందు చేరెను. ఆంధ్రప్రదేశ్ వానిలో నొకటి. ఒకేచోట తయారైన పాఠము వేలమందికి చేరగలదని అది చూపెను. అయితే ఆకాశమునుండి వచ్చు బొమ్మను మధ్యలో ఆపి ప్రశ్న వేయుట పల్లెవానికి సాధ్యముకాదు.

ఆ లోటును తీర్చు ప్రయత్నము 2006వ సంవత్సరమున బెంగుళూరులోని మైక్రోసాఫ్టు పరిశోధనాలయమున రికిన్ గాంధి మొదలిడిన డిజిటల్ గ్రీన్ పని. అందు ప్రత్యేకత యేమనగా, వీడియోలో కనబడువాడు ఆ ప్రాంతపు రైతే. భాష ఆ యూరి భాషయే. చూపునప్పుడు గ్రామమునకు చెందిన మధ్యవర్తి యొకడు మధ్యమధ్య బొమ్మను ఆపి, ప్రశ్నలు అడిగి, తరువాత పొలమునకు పోయి విచారించును. కర్ణాటకలోని 16 గ్రామములలో జరిగిన పరీక్షలో, వాడుకలోనున్న శిక్షణకంటె ఆరేడు రెట్లు అధికముగా పద్ధతులు ఆచరణలోనికి వచ్చెనని దాని నిర్వాహకులు ప్రకటించిరి. మన రాష్ట్రపు ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమునందును చిన్న చేతి ప్రొజెక్టర్లతో ఇట్టి వీడియోలను మహిళాసంఘములకు చూపుట జరిగినది. 2020 మే నెలలో నెలకొల్పబడిన రైతు భరోసా కేంద్రములకు టీవీ తెరలును సమకూర్చిరి. ఆ కేంద్రములకు తరువాత రైతు సేవా కేంద్రములను పేరు వచ్చినది. తెర యున్నంతనే శిక్షణ యైనట్లు కాదు. దానిని ఆపి అడుగువాడు ముఖ్యము.

మదనపల్లె చెంతనున్న ఋషివ్యాలీ పల్లెబడుల పద్ధతియు గమనింపదగినది. పద్మనాభరావు, రమ దంపతులు అచ్చట రూపొందించిన పాఠపు అట్టలకు గుర్తుబొమ్మలుండును. గోడమీద మెట్లుమెట్లుగా అవే గుర్తులుండును. పిల్లవాడు తాను ఏ మెట్టున నున్నాడో తానే చూచుకొని, తరువాతి అట్టను తానే తీసికొని పని చేయును. 2003 తరువాత చెన్నై నగర పాఠశాలలు ఈ మార్గమునుండి స్ఫూర్తి పొందినవి. ఇందు బొమ్మ పాఠము చెప్పుట లేదు, దారి చూపుచున్నది.

బొమ్మను చూచుటకంటె వ్రాయుట మేలను సంగతిని మన పొలంబడి చూపుచున్నది. 1989వ సంవత్సరమున ఇండోనేషియాలో వరిపొలములందు ఆరంభమైన ఈ పద్ధతి పిదప మన రాష్ట్రమునకును వచ్చినది. రైతులు తెల్లవారి పొలములో దిగి మొక్కలను పరీక్షించి, చెట్టుక్రింద కూర్చుండి పెద్ద కాగితముమీద మొక్కను వ్రాసి, ఒకప్రక్క హానిచేయు పురుగులను, మరియొకప్రక్క మిత్రపురుగులను వ్రాయుదురు. బొమ్మ అందముగా రానవసరము లేదు. ఆకు క్రింద ఏమున్నదో చూడనివాడు దానిని వ్రాయలేడు. వ్రాయలేనప్పుడు మరల పొలమునకు పోయి చూచును. ఆ రెండవ చూపే శిక్షణ.

పటములయందు జాగ్రత్తలు

తేనెమంచు పురుగును అరచేయియంత వ్రాసి గోడకు తగిలించినచో, మామిడి పూతలో గింజయంతయైనను లేని ఆ పురుగును రైతు గుర్తింపలేడు. పెద్దబొమ్మ ప్రక్కనే దాని నిజపరిమాణమును వ్రాయవలెను. ఒక గాజుసీసాలో నిజమైన పురుగును ఉంచిన మఱియు మేలు. ఒక పటమున ఒక్క సంగతియే యుండవలెను. సరియైన కోత ప్రక్కనే తప్పుకోతను చూపి, తప్పును పెద్ద గీతతో కొట్టివేయవలెను. లేనిచో దానినే నేర్చుకొను ప్రమాదము కలదు.

పనిలో చేతికందు పటము అన్నిటికంటె ఉత్తమము. వరికి వాడు ఆకురంగుల పట్టీ దీనికి దృష్టాంతము. లేత ఆకుపచ్చనుండి ముదురు ఆకుపచ్చవరకు చారలున్న ఆ చిన్న పట్టీని పొలమునకే తీసికొనిపోయి, పూర్తిగా విచ్చుకొనిన పై ఆకు నడిమిభాగమును దానిపై నుంచి, ఎండ పడకుండ తన నీడలో పోల్చి చూడవలెను. పది ఆకులు చూడగా సగమునకు మించి నిర్ణీతమైన చారకంటె లేతగా నున్నచో యూరియా వేయవలెను, లేనిచో అక్కరలేదు. ఇచ్చట బొమ్మ పనికి ముందును కాదు, వెనుకను కాదు, పనిలోనే పనిముట్టైనది.

సంఘ శిక్షణకు మా సూచన

పై సంగతులన్నియు కలిపి చూడగా మాకు తోచిన క్రమ మిది: మొదట కత్తి, పిదప బొమ్మ, మరల కత్తి.

శిక్షణకు వచ్చినవారికి ఉపన్యాసమునకు ముందే పదునైన కత్తియు, తోటలో కత్తిరించి పారవేసిన మామిడి పుల్లలును ఇచ్చి, వాదరకోత కోయుమనవలెను. అనేకులకు వంకరగా వచ్చును. రానిండు. తనకేది రాలేదో చేతికి తెలిసినవాని కన్ను బొమ్మలో దానినే వెదకును. అప్పుడు భుజముమీదుగా తీసిన వీడియోను మెట్టు మెట్టునకు ఆపుచు చూపి, పచ్చనిపొర పటమును వివరించి, మరల పుల్లలమీదనే కోతలు కోయింపవలెను. ఒకే లాగున చదునుగా కోత వచ్చునంతవరకు మొక్కను ముట్టనీయరాదు. మెట్ల బొమ్మలు వ్రాసిన చిన్న అట్టను పనిబల్లపై నుంచిన చాలును. గోడవైపు మాటిమాటికి తిరుగు పని యుండదు. ఒక్కొక్కరు కట్టిన మొదటి అంటును విప్పి, పొరలు కలిసినవో లేవో చూపవలెను. ఆ అంటు పోయినను నష్టము లేదు. దానివలన తరువాతివి నిలుచును.

ఇందుకు కావలసినవి పది పదునైన కత్తులు, టెంకమొక్కలు, పట్టీలు, ఒక ఫోను, నాలుగు పటములు. కత్తులు కొనకుండ పెద్ద తెర కొనుట మాత్రము వలదని కార్యవర్గమునకు మా మనవి. ఇంటిపనులవలన పగటివేళ రాలేని సోదరీమణులకు వేళ మార్చి వేరుగా శిక్షణ యేర్పరచుటయు అవసరము. అంటుకట్టుటకు కావలసినది బలము కాదు, నిదానము.

చివరగా సంఘపు గోడకు మరియొక పటము కావలెను. దానిని అచ్చువేయించ నక్కరలేదు. శిక్షణ పొందిన ప్రతివారి పేరును వరుసగా వ్రాసి, వారు కట్టిన అంటులకు ఒక్కొక్కదానికి ఒక గడి గీయవలెను. ఇరువదియొక దినములైన పిమ్మట, చిగిర్చినదానికి ఆకుపచ్చరంగును, ఎండినదానికి గోధుమరంగును వేయవలెను. ఎవరి చేతికి పని వచ్చినదో, ఎవరికి మరియొక వారము అభ్యాసము కావలెనో ఆ పటమే చెప్పును. పచ్చగడులు నిండుగా నున్నవారే ముదురు చెట్ల పనికి పోవలెను. తక్కినవారు ఆగస్టు లోపల మరియొక విడత టెంకలపై చేయి సాధింపవచ్చును. టెంకలు వేసవి చివరనే లభించును గాన, వానిని ఏరి నాటించు ఏర్పాటు జూన్ మాసముననే కావలెనని సభ్యులు గమనింతురుగాక.